పాడ్ ఫిల్టర్ బిగించే ముందు

కార్బురేటర్ బండికి ఫిల్టర్ బాక్స్ తీసేసి పాడ్ ఫిల్టర్ బిగించమని అడిగే కస్టమర్లు ఇంకా చాలామందే ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. అయినా పాత క్లాసిక్ 350లు, పల్సర్లు, స్ప్లెండర్లు, ఆర్ఎక్స్ 100లు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటికి పికప్ పెంచమని కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. మీరు కాదంటే పక్క షెడ్డులో చేయించుకుంటారు. కాబట్టి మానేయమని చెప్పను. చేసిన బండి పది రోజుల్లో పొగలు కక్కుతూ మీ షెడ్డుకే తిరిగి రాకుండా ఏం చూసుకోవాలో చెబుతాను.

ముందు లెక్క తెలియాలి. క్లాసిక్ 350 ఇంజిన్ 346 సీసీ. దాని పూర్తి పవర్ 19.8 బీహెచ్‌పీ, అదీ 5250 ఆర్‌పీఎం దగ్గర. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ నిండా పీల్చిందనుకున్నా నిమిషానికి 900 లీటర్ల పైచిలుకు. నిజానికి అంత నిండదు.

శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ ఈ గాలిని ఎంత అడ్డుకుంటోందో కొలవొచ్చు. తాపీ మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు ముక్క తీసుకోండి. దాన్ని యూ ఆకారంలో వంచి, అడుగున నీళ్లు నింపి, ఒక కొసను ఫిల్టర్ దాటాక కార్బురేటర్‌కు ముందుండే భాగంలోకి పెట్టండి. రెండో కొస బయటి గాలికి వదిలేయండి. సింగిల్ సిలిండర్ కనుక నీళ్లు ఎగిరెగిరి పడతాయి. పైపులో ఒక పాత జెట్ అడ్డం పెడితే నిలకడగా ఉంటాయి. నీటి మట్టానికి పైన కనీసం రెండడుగుల పైపు ఉండాలి, లేదంటే ఇంజిన్ ఆ నీళ్లు తాగేస్తుంది. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు తేడా ఎంతుందో వెనక కూర్చున్న మనిషి చూడాలి, నడిపేవాడు కాదు.

10 సెంటీమీటర్ల తేడా కనిపించిందనుకుందాం. బయటి గాలి పీడనం సుమారు 1033 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. అంటే ఫిల్టర్ దగ్గర పోతున్నది 1 శాతం. ఫిల్టర్ మొత్తం పీకేసినా తిరిగొచ్చేది 0.2 బీహెచ్‌పీ. దానికోసం బాక్సు తీసేయమని నేనైతే చెప్పను. తేడా 30, 40 సెంటీమీటర్లు ఉంటే మాత్రం ఎక్కడో నిజంగా ఊపిరాడటం లేదు. కొత్త కంపెనీ ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. చాలా బండ్లు అక్కడితో బాగుపడతాయి.

పాడ్ ఫిల్టర్‌తో రెండు నష్టాలున్నాయి, అమ్మేవాడు చెప్పడు. ఒకటి వేడి. బాక్సు ఉన్నప్పుడు ఇంజిన్ వేడికి దూరంగా ఉన్న గాలి లోపలికి వెళ్తుంది. పాడ్ మాత్రం సిలిండర్ వెనకే కూర్చుని అక్కడి వేడిగాలి పీలుస్తుంది. ట్రాఫిక్‌లో లోపలికి వెళ్లే గాలి 35 డిగ్రీల నుంచి 60కి చేరితే దాని సాంద్రత ఏడున్నర శాతం పడిపోతుంది. ఒక శాతం సంపాదించి ఏడు పోగొట్టుకోవడం ఏం వ్యాపారం? రెండోది, బాక్సు ఉత్త డబ్బా కాదు. దాని పరిమాణం, గొట్టం పొడవు చూసి కంపెనీ మధ్య ఆర్‌పీఎంలో లాగుడు వచ్చేలా కుదురుస్తుంది. అది తీసేస్తే ఎక్కువగా దెబ్బతినేది ఆ మధ్య భాగమే, అంటే ఊళ్లో బండి నడిచే భాగం. కస్టమర్‌కు మాత్రం బండి ఎగిరిపోతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే పీల్పు శబ్దం పెరిగింది. చెవిని నమ్మొద్దు. టాప్ గేరులో 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతోందో, మార్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఒకే రోడ్డు మీద ఒకే మనిషితో చూసి జాబ్ కార్డులో రాయండి.

ఇంత చెప్పినా కావాలంటే, చేయండి. కానీ ఫిల్టర్ మార్చడం ఐదు నిమిషాల పని, అసలు పని జెట్‌లది. గాలి పెరిగితే మిక్చర్ లీన్ అవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక కిలోకు 14.7 కిలోల గాలి చాలు. ఈ మిశ్రమానికి సుమారు 13.5 దగ్గరే సరిపోతుంది. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ ఉంటుంది, అది సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అంటే మీరు చేయి పెట్టకముందే ఆ పాత బండి కొంత లీన్‌గా నడుస్తోంది. దాని మీద పాడ్, ఆపైన ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

తరచూ జరిగేది ఇదీ. క్లాసిక్‌కు రెండూ బిగిస్తారు. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమంటుంది, స్లో స్పీడ్ నిలబడదు. మెకానిక్ మిక్చర్ స్క్రూ ఒక తిప్పు తిప్పి, శబ్దం తగ్గగానే బండి ఇచ్చేస్తాడు. ఆ స్క్రూ పనిచేసేది ఐడ్లింగ్‌లోనూ పావు థ్రాటిల్ లోపలా మాత్రమే. హైవే ఎక్కి ఫుల్ థ్రాటిల్‌లో పోతుంటే మెయిన్ జెట్ పాతదే, లీన్ అలాగే ఉంది. బెండ్ పైపు నీలం తిరుగుతుంది, పిస్టన్ గీసుకుంటుంది, బోరు పని పడుతుంది. ఆ బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ మీ షెడ్డులోనే జరుగుతుంది.

క్రమం ఇలా పెట్టుకోండి: ముందు మెయిన్ జెట్, ఫుల్ థ్రాటిల్‌లో. తర్వాత నీడిల్, పావు నుంచి ముప్పావు వరకు. చివర పైలట్ జెట్, మిక్చర్ స్క్రూ. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నంబరు ఉన్న మంచి జెట్‌లు కొని ఒక్కో సైజు పెంచుతూ వెళ్లండి. ఉన్న జెట్‌ను డ్రిల్ బిట్‌తో వెడల్పు చేస్తే వెనక్కి రాలేరు. కొన్ని సీవీ కార్బురేటర్ల నీడిల్‌కు క్లిప్ గాళ్లు ఉండవు, కింద పల్చటి వాషర్ వేసి ఎత్తాలి. ఫుల్ థ్రాటిల్‌లో పవర్‌కు సరిపోయే మిక్చర్ మామూలు పెట్రోల్ లెక్కలో 12.5 నుంచి 13 మధ్య. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటే సరే. లేకపోతే కొత్త ప్లగ్ వేసి, మూడో గేరులో ఫుల్ థ్రాటిల్ లాగి, క్లచ్ పట్టి అప్పుడే ఇంజిన్ ఆపి, ప్లగ్ తీసి చూడండి. ఇథనాల్ పెట్రోల్‌లో రంగు నిదానంగా పడుతుంది కనుక పింగాణీ పైభాగం కాదు, లోపలి అడుగు చూడాలి.

సీవీ కార్బురేటర్‌తో ఇంకో తంటా. దాని మూతి దగ్గర ఎయిర్ జెట్ రంధ్రాలు, డయాఫ్రం కిందికి గాలి వెళ్లే దారి ఉంటాయి. చవక పాడ్ ఫిల్టర్ రబ్బరు అంచు లావుగా ఉండి వాటిని మూసేస్తుంది. అప్పుడు స్లైడ్ సరిగా లేవదు. జెట్‌లు ఎన్ని మార్చినా బండి దారికి రాదు. రోజంతా తిప్పలు పడే ముందు ఫిల్టర్ తీసి రబ్బరు లోపలి అంచు చూడండి, అవసరమైతే కోయండి.

ఆర్ఎక్స్ 100 వస్తే మొట్టమొదట ఆయిల్ పంపు పనిచేస్తోందా, ఎవరైనా తీసేశారా అడగండి. పంపు తీసేసి పెట్రోల్‌లోనే టూటీ ఆయిల్ కలుపుతున్న బండిలో మిక్చర్ లీన్ అయితే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గినట్టే. అది ఎక్కువసేపు ఓర్చుకోదు, పట్టేస్తుంది.

డెలివరీ పని చేసే కుర్రాడు స్ప్లెండర్ తెచ్చి పికప్ లేదంటే పాడ్ మాటే ఎత్తకండి. ఫిల్టర్‌లో దుమ్ము, టాపెట్ గ్యాప్, జారుతున్న క్లచ్, పట్టుకున్న బ్రేక్, టైర్ గాలి చూడండి. అతని సంపాదన ఆ బండి మీదే. వాన పడ్డప్పుడు పాడ్ తడిసి మధ్యలో ఆగితే ఆ రోజు కూలి పోతుంది.

చట్టం సంగతి కస్టమర్‌కు ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పోలీసుల కన్ను ముందు పడేది సైలెన్సర్ మీద. ఇన్‌టేక్ పని బయటికి అంతగా కనిపించదు కానీ, రిచ్‌గా పెట్టేస్తే పొల్యూషన్ టెస్టులో బయటపడుతుంది.

బండి తీసుకున్నప్పుడే ఫొటోలు తీయండి. తీసిన బాక్సు, పాత జెట్‌లు కవర్‌లో వేసి, నంబరు రాసి కస్టమర్ చేతికే ఇచ్చి సంతకం తీసుకోండి. బండి అమ్మేటప్పుడు ఎలాగూ వాటిని వెతుక్కుంటూ వస్తాడు. కొటేషన్‌లో జెట్‌ల ఖరీదు, ట్రయల్‌కు పట్టే టైము, పెట్రోల్ విడిగా రాయండి. ఫిల్టర్ బిగించు చాలు, జెట్‌లకు డబ్బులివ్వను అన్నవాడి బండి ముట్టుకోవద్దు. ఒప్పుకున్నవాడిని 300 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మనండి, ఇంజిన్ చల్లబడ్డాక ప్లగ్ మళ్లీ తీసి చూడటానికి.