అడ్మిన్ అంటే ద్వారపాలకుడే: సత్సంగం గ్రూపుకి జయవిజయుల పాఠం

ఈ వారం వీడియోలో భాగవతం తృతీయ స్కంధంలోని జయవిజయుల కథ చెప్పుకున్నాం కదా. ఇంట్లో పారాయణం గ్రూపో, గుడి సేవా గ్రూపో నడుపుతున్న వాళ్లకి ఆ కథ చాలా దగ్గరది.

సనకాదులు ఆరు ప్రాకారాలు దాటి ఏడో వాకిలికి వచ్చారు. చూడటానికి ఐదేళ్ల పిల్లలు, ఒంటిమీద బట్టలు లేవు. రూపం చూసి జయవిజయులు అడ్డుకున్నారు, శాపం పొందారు. కానీ స్వామి ఏమన్నాడు? సేవకుల తప్పు నాదే అన్నాడు. అంటే కాపలా వాళ్ల ప్రవర్తన వల్ల ఆ గుమ్మానికే పేరొస్తుంది, పోతుంది.

కాపలా వద్దని కథ చెప్పట్లేదు. ఎవరిని, ఎందుకు ఆపుతున్నామో తెలుసుకోమంటోంది. వాట్సాప్‌లో గ్రూప్ పేరు మీద నొక్కి, గ్రూప్ పర్మిషన్స్ తెరవండి.

1. వాకిలి: లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్లు లోపలికి రాగలరు. కొత్తవాళ్లని అడ్మిన్ ఆమోదించే ఆప్షన్ ఆన్ చేయండి. లింక్ బయటికి పాకితే రీసెట్ చేయండి, పాతది పనిచేయదు. రిక్వెస్ట్ వస్తే డీపీ చూసి తిరస్కరించకండి, ఒక్క మాట అడగండి. సనకాదుల్ని ఎవరూ అడగలేదు!

2. నంబర్లు: మామూలు గ్రూపులో సభ్యులందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. లలితా పారాయణానికి చేరిన అమ్మాయికి రాత్రి పదకొండుకి ముక్కూమొహం తెలియని వాడి నుంచి 'హాయ్' వస్తే? చాలామంది చెప్పరు, మౌనంగా వెళ్లిపోతారు. గ్రూపుతో పాటు పారాయణం కూడా ఆగిపోతుంది. అందుకే అనుమతి లేకుండా పర్సనల్ మెసేజ్ పెట్టకూడదని డిస్క్రిప్షన్‌లో రాయండి. ఫిర్యాదు వస్తే ఆ రోజే చర్య తీసుకోండి. పెద్ద సంఘమైతే కమ్యూనిటీ ప్రకటనల గ్రూపు మేలు, అక్కడ తోటి సభ్యులకి మీ నంబర్ దాచి ఉంటుంది.

3. మాట: పారాయణం జరిగేటప్పుడు అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి. అయ్యాక తెరవండి. ఎప్పుడూ మూసే ఉంచితే అది నోటీసు బోర్డే, సత్సంగం కాదు. సందేహం అడిగే చోటు లేకపోతే కొత్తవాళ్లు నిలబడరు.

4. తాళం చెవి: పేరు, ఫొటో, డిస్క్రిప్షన్ మార్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి. అడ్మిన్లు కనీసం ఇద్దరు ఉండాలి. ఉన్న ఒక్కరూ వెళ్లిపోతే వాట్సాప్ తనంతట తనే ఇంకెవరినో చేసేస్తుంది. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇదే సూత్రం: అవసరమైనంత హక్కే, అవసరమైన వాళ్లకే.

చివరగా రిమూవ్ బటన్. ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనిపించకుండా డిలీట్ చేసే వీలు అడ్మిన్‌కి ఉంది. పెద్దాయన రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుతున్నారా? బొమ్మ తీసేయండి, మనిషిని కాదు. ఫోన్ చేసి, "బాబాయ్‌గారూ, ఇక్కడ శ్లోకాలే పెడదామండీ" అనండి. కావాలని వేధించే వాణ్ణి మాత్రం మొహమాటం లేకుండా తీసేయండి.

ఈ వారం సాధన: నామజపానికి కూర్చునే ముందు ఓ ఐదు నిమిషాలు ఈ సెట్టింగ్స్ చూడండి. అదీ సేవే.

జై శ్రీమన్నారాయణ!