గూడబాతు మన ఇంటి పక్షే



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే నాకు గుర్తుకొచ్చింది ఎనిమిదో తరగతిలో మన హాస్టల్ గోడపత్రికకు నేను రాసిన నాలుగు ముక్కలు. పెలికాన్ అనే పక్షి సైబీరియా నుండి వేల మైళ్ళు ఎగిరి మన దగ్గరకు విడిదికి వస్తుందని స్కెచ్ పెన్నుతో రంగులు మార్చి మార్చి రాశాను. ఏదో దినపత్రికలో చదివిన మాటే. అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ అది తప్పు. ఇప్పుడు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి బతుకుతున్నాను కనుక, ఆ తప్పును మన హాస్టల్ పేజీల్లోనే దిద్దుకోవాలని ఈ వ్యాసం.

ముందు పేరు చూడండి. తెలుగులో పెలికాన్‌ని గూడబాతు అంటారు, గూడకొంగ అని కూడా అంటారు. మోటార్లు రాకముందు ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టను ఊపుతూ కాలువలోని నీళ్ళు పొలంలోకి ఎత్తిపోసేవారు. ఆ బుట్టే గూడ. ఈ పక్షి ముక్కు కింద వేలాడే తోలు సంచి కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. సైబీరియా చుట్టానికి మన రైతు ఇంత అచ్చమైన పేరు పెట్టి ఉంటాడా?

చాలామంది ఆ సంచిని చేపలు దాచుకునే గోదాము అనుకుంటారు. కాదు, అది వల. నీళ్ళతో సహా చేపను ఎత్తి, ముక్కు కిందికి వంచి నీళ్ళు వదిలేసి, చేపను అప్పుడే మింగేస్తుంది. ఎండాకాలంలో ఆ సంచినే టపటపలాడించి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. నాలుగు వేళ్ళనూ కలుపుతూ పొర ఉంటుంది (బాతుకు ముందున్న మూడు వేళ్ళకే). చర్మం కింద గాలి తిత్తులు ఉండటం వల్ల నీళ్ళలో మునగదు.

మన గగన్‌పహాడ్ డాబా మీద నిలబడి విమానాలు లెక్కపెట్టని హాస్టల్ పిల్లవాడు ఉండడు. 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. బరువున్నది లేవాలంటే పరుగు కావాలి. గూడబాతు బరువు నాలుగు నుండి ఆరు కిలోలు, రెక్కలు చాపితే రెండు మీటర్ల పైమాటే. అందుకే అదీ నీటి మీద కాళ్ళతో తన్నుకుంటూ కొంత దూరం పరుగెత్తి లేస్తుంది. ఒకసారి పైకి వెళ్ళాక మాత్రం ఎండకు వేడెక్కి లేచే గాలి మీద రెక్క ఆడించకుండా గంటల తరబడి తేలుతుంది.

ఇక సైబీరియా సంగతి. ప్రపంచంలో ఎనిమిది రకాల పెలికాన్లు ఉన్నాయి. మన జూపార్కులో చూసే తెల్ల రకం చాలావరకు చలికాలపు వలస పక్షి. పొరపాటు అక్కడ మొదలైంది. మన ఊళ్ళ చెట్ల మీద గూళ్ళు కట్టేది వేరు, బూడిద రంగు గూడబాతు. అది దక్షిణాసియా పక్షి. చెరువులు నిండినచోటికి పోతుంది, ఎండితే ఇంకోచోటికి పోతుంది, అంతే. నేలపట్టులో నీళ్ళలో నిలిచే కడప చెట్ల మీద, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చింతచెట్ల మీద, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో, కొల్లేరు అంచున ఆటపాకలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టేది ఇక్కడే. పుట్టిన ఊళ్ళో ఎవరైనా చుట్టం అవుతారా?

కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరు వాళ్ళు దీన్ని మనకంటే బాగా అర్థం చేసుకున్నారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలంటారు ఈ పక్షుల్ని. ఇంటి ముందు చెట్టు మీద గూడు, వాకిలంతా రెట్ట, చేపల కంపు, పిల్లల గోల (పెద్ద పక్షులు దాదాపు మూగవే). అయినా కొట్టరు. గూటి నుండి జారిపడ్డ పిల్లలను దడి కట్టి సాకిన ఊరది.

ఐరోపా వాళ్ళ కథ వేరు. తల్లి పెలికాన్ తన రొమ్ము చీల్చుకుని నెత్తురుతో పిల్లలను బతికిస్తుందని నమ్మి, చర్చి గోడల మీద త్యాగానికి గుర్తుగా చెక్కారు. అమెరికాలో లూసియానా రాష్ట్ర జెండా మీద నేటికీ ఆ బొమ్మే ఉంది. నిజానికి పిల్ల తన తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి, సగం అరిగిన చేపను తింటుంది. తల్లి ముక్కును రొమ్ముకు ఆనించుకోవడం దూరం నుండి చూసి నెత్తురనుకుని ఉంటారు. కథ గొప్పదే, కాని నాకు ఆడబిడ్డ మాటే నచ్చింది. అందులో పక్షి త్యాగం అక్కర్లేదు. చోటు ఇవ్వాల్సింది మనం.

చోటు పోతే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో ఈ పక్షుల గూళ్ళు చూసి రాసిపెట్టారు. తర్వాత ఆ కాలనీ జాడ మళ్ళీ దొరకలేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త కొల్లేరు దగ్గర దాదాపు మూడు వేల గూడబాతులున్న కాలనీ కనుగొన్నారు. 1974 ప్రాంతానికి అదీ ఖాళీ అయింది. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు పాతితే, పక్షులు వాటి మీదే పుల్లలు పేర్చుకుంటున్నాయి. మంచంలేని గదిలో ట్రంకుపెట్టె పక్కన చాప పరుచుకున్న మనకు అది కొత్తగా అనిపించదు.

2020 వానలకు కట్ట తెగిన మన అప్ప చెరువులో నేను కొంగల్ని, నీటికాకుల్ని చూశాను గాని గూడబాతును చూడలేదు. మీలో ఎవరైనా ఏ చెరువు దగ్గరైనా చూస్తే, పైముక్కు అంచును గమనించండి. వరసగా నీలపు మచ్చలుంటే అది మనదే. మచ్చలు లేకుండా, ఒళ్ళు తెల్లగా, సంచి పచ్చగా ఉంటే అప్పుడు చుట్టం అనండి.