ఆ పిట్ట పేరేమిటి?

ఈసారి గోడపత్రికలో ఒక పెద్దాయన గురించి పాఠంలాగా రాస్తున్నాను. ముందుగా నా తప్పొకటి చెప్పాలి.

మా తమ్ముడు మన హాస్టల్లోనే 5వ తరగతి. వాడికి లెక్కలంటే భయం. రెండుసార్లు గోడ దూకి ఇంటికి పోయాడు. ఒకరోజు వాడి ట్రంకుపెట్టెలో పిట్టల ఈకలు అంటించిన నోటుపుస్తకం దొరికింది. "చదువుకోమని పంపిస్తే ఈకలేరుతున్నావా?" అని తిట్టి, దాన్ని చింపి పొయ్యిలో వేశాను. వాడు ఏడవలేదు. నాతో మాట్లాడటం మానేశాడు.

తర్వాత లైబ్రరీలో సలీం అలీ గారి గురించి చదివాను. ఆయన 1896 నవంబరు 12న పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. బొంబాయిలో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. చిన్నప్పుడు ఒకసారి బొమ్మ తుపాకీతో పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. "ఇదేం పిచ్చుక?" అని మామను అడిగారు. మామకు తెలియదు. అయినా "పోరా, పుస్తకం తియ్యి" అనలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ గారి దగ్గరికి పంపారు. మిల్లార్డ్ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు. అక్కడ దాచిన పక్షులన్నీ చూపించారు, చదవడానికి పుస్తకాలు ఇచ్చారు.

సలీం అలీ గారికీ లెక్కలు కష్టమేనట! కాలేజీ మధ్యలో మానేసి బర్మా వెళ్ళారు. తిరిగొచ్చి మళ్ళీ చదివారు. 1930లలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1941లో భారతదేశ పక్షుల మీద పుస్తకం రాశారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఇంకో సంగతి. 1900 తర్వాత కలివికోడి ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. ఆ సొసైటీవాళ్ళే కడప జిల్లా ఊళ్ళల్లో అడుగుతూ తిరిగితే, 1986 జనవరిలో పిట్టలు పట్టే ఒకాయన దాన్ని పట్టి తెచ్చాడు. పుస్తకాలవాళ్ళకు దొరకనిది అడవి తెలిసినవాడికి దొరికింది. మనమూ అడవి తెలిసినవాళ్ళమే కదా!

ఇందులో నేను నేర్చుకున్నవి:

1. చిన్నవాళ్ళు అడిగింది మనకు తెలియకపోతే, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి.

2. ఇష్టం చదువుకు అడ్డం కాదు. దాంట్లోంచే చదువు చెప్పొచ్చు.

3. మన ఆశ వాళ్ళ మీద రుద్దకూడదు. తమ్ముడు సలీం అలీ కాకపోయినా ఫర్వాలేదు.

పోయిన ఆదివారం తమ్ముడికి కొత్త నోటుపుస్తకం ఇచ్చాను. తీసుకోలేదు. కరెంటు తీగ మీద నల్లగా, చీలిన తోకతో ఒక పిట్ట కూర్చుంది. "దాని పేరేమిట్రా?" అన్నాను. చాలాసేపటికి మా ఇంటి భాషలో పేరు చెప్పాడు. తెలుగులో ఇద్దరికీ తెలియదు. సైన్సు సార్‌ను అడిగితే "ఏట్రింత" అన్నారు. రెండు పేర్లూ రాసుకున్నాడు. ఇప్పుడు రోజూ ఎన్ని కనబడ్డాయో గీతలు గీసి కూడుతున్నాడు. లెక్కల భయం పోలేదు గానీ, కూడికలు తప్పు పోవడం లేదు.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. ఆదివారం ఉదయం అరగంట చెరువుగట్టుకు పంపండి. ఉండేళ్ళు తీసుకుపోము, నోటుపుస్తకాలే తీసుకుపోతాము.

— 9వ తరగతి విద్యార్థి