ఈసీటీ గదిలో కొత్త నర్సుకు

సుజాతా,

ఈసీటీ (ఎలక్ట్రోకన్వల్సివ్ థెరపీ) విభాగంలో వేశారనగానే ఇంట్లో అందరూ ‘కరెంటు షాకులిచ్చే చోటా!’ అని బెంబేలెత్తారని రాశావు. వాళ్లను తప్పుపట్టలేం. 1975లో వచ్చిన ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’ సినిమాలో షాకు ఒక శిక్ష. అందులోని నర్స్ రాచెడ్ ఆ వృత్తికే మచ్చలా మిగిలిపోయింది. మన సినిమాల వాళ్లూ తక్కువ తినలేదు.

1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మత్తు ఇచ్చేవారు కాదు. కరెంటుతో తెప్పించే మూర్ఛ తీవ్రతకు ఎముకలు విరిగేవి. రోగిని అదిమి పట్టుకోవడమే ఆనాటి నర్సు పని. ఇప్పుడు మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తూ, కండరాలను సడలించే మందూ లేకుండా ఈసీటీ ఇవ్వకూడదు. అత్యవసరం అన్న సాకుతోనూ ఇవ్వకూడదు. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితో పాటు ఆ చట్టం కింది మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కావాలి.

కరెంటు ఇచ్చేది డాక్టరు. అది క్షణాల పని. నర్సు పని మాత్రం ముందు రాత్రే మొదలవుతుంది. ఆరు గంటలుగా ఏమీ తినలేదు కదా అని రోగినీ, పక్కనున్న బంధువునూ విడివిడిగా అడగాలి; పొద్దున్నే ఇడ్లీ పెట్టేసి చెప్పని తల్లులుంటారు. కట్టుడు పళ్లు, జడపిన్నులు తీయించాలి. గోళ్లరంగు తుడిపించాలి, లేకపోతే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు తప్పు చూపవచ్చు. కండరాల మందు ఎక్కించే ముందు ఒక కాలికి బీపీ పట్టీ బిగించి గాలి కొడతారు. దాంతో ఆ పాదానికి మందు చేరదు. ఒళ్లంతా కదలకుండా ఉన్నా ఆ ఒక్క పాదం కొట్టుకుంటుంది. అది చూస్తూ మూర్ఛ ఎంతసేపు ఉందో లెక్కపెడతారు. సాధారణంగా నిమిషంలోపే.

మెలకువ వచ్చాక తానెక్కడున్నదీ రోగికి కాసేపు తెలియకపోవచ్చు. ఊరు, రోజు, ఆసుపత్రి పేరు నెమ్మదిగా, అడిగినన్నిసార్లు చెప్పేది నర్సే.

ఈ చికిత్సను చూసి భయపడే నర్సు కంటే ‘ఏమీ కాదమ్మా’ అని తేల్చేసే నర్సు వల్లే నష్టం ఎక్కువ. తిండి మానేసి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న మనిషి కొన్ని విడతలకే లేచి అన్నం కలుపుకోవడం నిజం. 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్షలోని అధ్యయనాల్లో 29 నుంచి 55 శాతం మంది ఈ చికిత్సతో వచ్చిన మరుపు పోలేదని చెప్పడమూ నిజమే. సంతకం పెట్టే ముందు రోగికి రెండూ తెలియాలి. పెట్టినవాళ్లు మధ్యలో వద్దనవచ్చని కూడా చెప్పాలి. వద్దన్న మాటను జబ్బు లక్షణంగా రాసేసి ఊరుకునే వార్డులు లేకపోలేదు.

విడతలు సాధారణంగా 6 నుంచి 12, వారానికి రెండో మూడో. మరుపును కనిపెట్టడానికి ప్రతిదానికీ ముందు అవే నాలుగైదు ప్రశ్నలు అడిగి రాసిపెట్టు: ఇంటి చిరునామా, పిల్లల పేర్లు, పోయిన పండగ ఎక్కడ చేసుకున్నారు. తేడా కనిపిస్తే తర్వాతి విడతకు ముందే డాక్టరుకు చూపించు. ఎలక్ట్రోడ్లు తలకు ఒకవైపే పెట్టడమో, విడతల మధ్య ఎడం పెంచడమో ఆలోచించే వీలు అప్పుడే ఉంటుంది.

ఇట్లు,
నీ మేనత్త