ప్రమోటర్ కొన్నాడని నేనూ కొన్నాను

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుపోండి. క్లబ్ వాళ్ళు "నీకు బాగా తెలిసిన విషయం మీద రాయి" అన్నారు. అలాంటిది ఏముందా అని ఆలోచిస్తే, సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఒకటి గుర్తొచ్చింది. దాని ఫీజు 8,600 రూపాయలు.

పోయిన ఏడాది మా అమ్మమ్మ నాకు 20,000 ఇచ్చింది, పాత లాప్‌టాప్ మార్చుకోమని. అప్పుడే డీమ్యాట్ అకౌంట్ తెరిచాను. ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఒక చిన్న కంపెనీ గురించి మెసేజ్ వచ్చింది. మూడేళ్ళుగా అమ్మకాలు ఏటా 40 శాతం పెరుగుతున్నాయట. కింద ఇంకో లైను: "ప్రమోటరే కొంటున్నాడు, ఇంకేం కావాలి!" నిజమే కదా అనుకున్నాను. సొంత కంపెనీ గురించి ఓనర్ కంటే ఎవరికి ఎక్కువ తెలుస్తుంది? మొత్తం 20,000 ఒకేసారి పెట్టేశాను. ఐదు నెలలకి అది 11,400 అయింది. భయమేసి అమ్మేశాను. కంపెనీ పేరు చెప్పను. అది నాకు ఏ అబద్ధమూ చెప్పలేదు, నేనే చదవలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఒక విషయం చెప్పారు. చీటీ పాడుకుంటే 3 లక్షలు వచ్చాయట. చెల్లి ఇప్పుడు ఇంటర్‌లో చేరింది, రెండేళ్ళ తర్వాత దాని ఇంజినీరింగ్ ఫీజుకి ఆ డబ్బు. "నీకు కంప్యూటర్లూ లెక్కలూ వచ్చు కదరా, బ్యాంకులో వేస్తే ఏం పెరుగుతుంది, మంచి షేరేదైనా చూసి చెప్పు" అన్నారు. నా నష్టం సంగతి ఆయనకి తెలీదు. "చూస్తాను నాన్నా" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత రెండు వారాలు నా తప్పుని డీబగ్ చేశాను. ఆ నోట్సే ఇది.

1. గ్రోత్ స్టాక్: కంపెనీ పెరిగినా మన డబ్బు పెరగకపోవచ్చు

మామూలు కంపెనీల కంటే వేగంగా అమ్మకాలు, లాభాలు పెరిగే కంపెనీ షేర్‌ని గ్రోత్ స్టాక్ అంటారు. దానికి మార్కెట్ ఎక్కువ ధర ఇస్తుంది. ఎంత ఎక్కువో చూడ్డానికి పీఈ రేషియో వాడతాం: షేర్ ధరని, ఒక్కో షేర్‌కి వచ్చే ఏడాది లాభంతో, అంటే ఈపీఎస్‌తో భాగిస్తే పీఈ వస్తుంది.

ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. ఈపీఎస్ 10 రూపాయలు, షేర్ ధర 600. పీఈ 60. లాభం ఏటా 25 శాతం చొప్పున ఐదేళ్ళు పెరిగిందనుకోండి. 10 కాస్తా 12.5, 15.6, 19.5, 24.4, చివరికి 30.5 అవుతుంది. మూడు రెట్లు! కానీ ఏ కంపెనీ అయినా పెద్దదయ్యేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. తగ్గిందని తెలియగానే మార్కెట్ 60 పీఈ ఇవ్వదు. 20 ఇచ్చిందనుకోండి. 30.5 ని 20తో గుణిస్తే 610. ఐదేళ్ళు ఆగితే మిగిలింది పది రూపాయలు. అదే 600 ని 7 శాతం చక్రవడ్డీకి వేసి ఉంటే 841 అయ్యేది.

ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నేను నమ్మలేక మళ్ళీ చేశాను. కంపెనీ చెప్పిన మాట నిలబెట్టుకుంది, లాభం మూడింతలు చేసింది, అయినా మనకేమీ రాలేదు. ఎందుకంటే ఆ పెరుగుదలకి డబ్బంతా మనం కొన్న రోజే ముందుగా కట్టేశాం. ఇక పెరుగుదల 25 బదులు 15 శాతమే ఉంటే ఈపీఎస్ 20 దగ్గర ఆగుతుంది, షేర్ ధర 400 కి పడుతుంది.

దీనికి ఒక సులువైన కొలత ఉంది, పెగ్ రేషియో. పీఈని పెరుగుదల శాతంతో భాగించడమే. అమెరికాలో ఫిడెలిటీ మాజెలన్ ఫండ్‌ని 1977 నుంచి 1990 వరకు నడిపిన పీటర్ లించ్ వల్ల ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. 1 దగ్గర ఉంటే ధర సబబుగా ఉందని అర్థం. మన ఊహా కంపెనీకి 60 ని 25తో భాగిస్తే 2.4. అంటే ఖరీదే. కాకపోతే ఇందులో వాడే పెరుగుదల అంకె రాబోయేది, అది ఎవరికీ కచ్చితంగా తెలీదు. మూడేళ్ళ డేటా అంటే మూడు చుక్కలు. మూడు చుక్కల మీద గీత గీసి పదేళ్ళ తర్వాత ఏమవుతుందో చెప్పేస్తే మన మెషీన్ లెర్నింగ్ మేడమ్ మార్కులేస్తారా? నేను డబ్బులేశాను.

అంకెలు చూసేటప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు:

లాభం డబ్బుగా మారుతోందా? లాభనష్టాల పట్టికలో లాభం ఉన్నా, క్యాష్ ఫ్లో పట్టికలో వ్యాపారం ద్వారా వచ్చిన నగదు ఏళ్ళ తరబడి దానికంటే బాగా తక్కువ ఉంటే ఆగి చూడాలి. సరుకు అప్పు మీద అమ్మి, ఇంకా రాని డబ్బుని కూడా అమ్మకాల్లో చూపించవచ్చు, అది చట్టబద్ధమే. అమ్మకాల కంటే రావలసిన బాకీలు వేగంగా పెరుగుతుంటే ఆ పెరుగుదల కాగితం మీదే ఉందేమో అనుమానించాలి.

పెరుగుదల ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎక్కువ సరుకు అమ్ముతోందా, ధర పెంచిందా, లేక ఇంకో కంపెనీని కొని దాని అమ్మకాలు కలిపేసుకుందా? మూడో రకం మళ్ళీ రావాలంటే మళ్ళీ ఇంకోటి కొనాలి.

షేర్ల సంఖ్య పెరుగుతోందా? లాభం 30 శాతం పెరిగి, కొత్త షేర్లు జారీ చేయడం వల్ల షేర్ల సంఖ్య 20 శాతం పెరిగితే, మన ఒక్కో షేర్‌కి దక్కిన పెరుగుదల 8 శాతమే. అందుకే మొత్తం లాభం బదులు ఈపీఎస్ చూడాలి.

2. ప్రమోటర్ కొన్నాడంటే?

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఇన్‌సైడర్ ట్రేడింగ్ నేరం: బయటికి రాని ధర మార్చే సమాచారం చేతిలో పెట్టుకుని షేర్లు కొనడం, అమ్మడం. కానీ ప్రమోటర్లు, డైరెక్టర్లు, పెద్ద ఉద్యోగులు నిబంధనల ప్రకారం తమ కంపెనీ షేర్లు కొనుక్కోవడం తప్పు కాదు. 2015 నాటి సెబీ నిబంధనల ప్రకారం ఒక త్రైమాసికంలో వాళ్ళ లావాదేవీల విలువ 10 లక్షలు దాటితే రెండు ట్రేడింగ్ రోజుల్లో ఆ సంగతి వెల్లడవ్వాలి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అమెరికాలో ఇదే పనికి ఫారం 4 ఉంది, అక్కడా గడువు రెండు పనిదినాలే.

నేను చేయని పని ఆ పేజీ తెరవడం. నష్టపోయాక తెరిచాను. ప్రమోటర్ పేరు ఉంది, షేర్ల సంఖ్య ఉంది, పక్కనే షేర్లు ఎలా వచ్చాయో చెప్పే కాలమ్ ఉంది. అందులో "ఇంటర్ సే ట్రాన్స్‌ఫర్" అని ఉంది. అంటే ప్రమోటర్ కుటుంబంలోనే ఒకరి పేరు మీద ఉన్న షేర్లు ఇంకొకరి పేరు మీదకి మారాయి. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి. కుటుంబం మొత్తం వాటా అంగుళం కూడా కదల్లేదు. బయట మార్కెట్లో ఆయన ఒక్క షేర్ కూడా కొనలేదు. నేనొక్కణ్ణే కొన్నాను.

అందుకే ఇప్పుడు నా చెక్‌లిస్ట్ ఇది.

ఎలా వచ్చాయి? మార్కెట్లో మనలాగే డబ్బు పెట్టి కొంటేనే అది బలమైన సంకేతం. బహుమతి, వారసత్వం, ఉద్యోగులకిచ్చే ఈసాప్ షేర్లు లెక్కలోకి రావు. వారంట్లయితే ఇంకా జాగ్రత్త. ముందు 25 శాతం కట్టి, మిగతాది 18 నెలల్లోపు కట్టొచ్చు. షేర్ పడిపోతే ఆ మిగతాది కట్టకుండా వదిలేసుకోవచ్చు కూడా. మనకి ఆ సౌకర్యం లేదు.

ఆ మనిషికి అది ఎంత? 900 కోట్ల విలువైన షేర్లున్న ప్రమోటర్ 12 లక్షలు పెట్టి కొంటే అది వార్త కోసం కొన్నట్టే. ఏడాదికి 80 లక్షల జీతం ఉన్న ఫైనాన్స్ హెడ్ 40 లక్షలు పెట్టి కొంటే, కూర్చుని చదవాలి.

ఎంతమంది, ఎప్పుడు? ఒక్కరు కొనడం వేరు, ధర బాగా పడ్డాక ముగ్గురు నలుగురు వేర్వేరుగా కొనడం వేరు. ఇంకో సంగతి, త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల వరకు వాళ్ళు కొనకూడదు, అమ్మకూడదు. కొన్నాక ఆరు నెలల వరకు అమ్మడానికీ వీల్లేదు. అంటే వాళ్ళ లెక్క నెలల్లో, ఏళ్ళలో ఉంటుంది. వాళ్ళు కొన్నారని చూసి వచ్చే వారం లాభం ఆశించడం మన తప్పే.

తాకట్టు ఉందా? ప్రమోటర్ ఒకవైపు కొంటూ ఇంకోవైపు తన షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెస్తుండొచ్చు. ధర పడితే అప్పిచ్చినవాళ్ళు ఆ షేర్లు అమ్మేస్తారు, దాంతో ధర ఇంకా పడుతుంది. ధర నిలబెట్టడానికే కొంటున్నాడా అని కూడా అడగాలి.

3. మన హైదరాబాద్ పాఠం

తాకట్టు అనగానే సత్యం కంప్యూటర్స్ గుర్తు చేసుకోవాలి. అప్పటికి మనలో చాలామందికి మాటలు కూడా సరిగా రావు. 1987లో మొదలైన ఈ కంపెనీ దేశంలోని పెద్ద ఐటీ కంపెనీల్లో ఒకటిగా ఎదిగింది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఒక ఉత్తరంలో, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేర్ ధర మూడొంతులకి పైగా పడిపోయింది. 2015లో ప్రత్యేక కోర్టు ఆయనకి ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది.

మన పాఠానికి సంబంధించిన ముక్క వేరే ఉంది. 2001లో సుమారు నాలుగోవంతు ఉన్న ప్రమోటర్ల వాటా 2008 మార్చికి 9 శాతం లోపుకి వచ్చేసింది. ఆ మిగిలిన దాన్ని కూడా చాలావరకు తాకట్టు పెట్టారు, చివర్లో అప్పిచ్చిన సంస్థలు వాటిని అమ్మేశాయి. బయటివాళ్ళు ఆశగా కొంటున్న ఆ ఏళ్ళలో లోపలివాళ్ళ వాటా కరుగుతూ వచ్చింది. తాకట్టు వివరాలు తప్పనిసరిగా బయటపెట్టాలన్న నిబంధన 2009లో, ఈ దెబ్బ తగిలాకే వచ్చింది.

అలాగని ప్రమోటర్ వాటా తక్కువుంటే మోసం అనుకోవద్దు. ఇన్ఫోసిస్‌లో కూడా ప్రమోటర్ల వాటా 20 శాతం లోపే. అమ్మడానికి ఇల్లు, పెళ్ళి, పన్ను, ఇలా వంద కారణాలుంటాయి. కొనడం కూడా గ్యారంటీ ఏమీ కాదు. లోపలివాళ్ళకి తమ వ్యాపారం తెలుస్తుంది, ఆ వ్యాపారానికి మార్కెట్ రేపు ఎంత ధర ఇస్తుందో తెలీదు. పైగా ఎవరి పిల్లలు వాళ్ళకి ముద్దు. కాబట్టి ఇన్‌సైడర్ కొనుగోలు అనేది ఇంకాస్త లోతుగా చదవమని చెప్పే సూచన మాత్రమే. మొదటి భాగంలోని లెక్కలు పాస్ అయ్యాకే దానికి విలువ.

4. నాన్నకి ఏం చెప్పాను

ఇన్ని నేర్చుకున్నాక నాన్నకి ఒక మంచి షేర్ చెప్పగలననే అనిపించింది. నిజానికి మూడు పేర్లు రాసుకున్నాను కూడా. తర్వాత ఐదేళ్ళ లెక్క మళ్ళీ చూశాను. అంతా సరిగ్గా జరిగినా, ఎంచుకున్న కంపెనీ మంచిదే అయినా, రెండేళ్ళ తర్వాత జూన్ నెలలో దాని ధర ఎంతుంటుందో నాకు తెలీదు. చెల్లి ఫీజు గడువుకి మాత్రం తేదీ ఉంటుంది. గడువు ఉన్న డబ్బు, గడువు లేని చోట పెట్టకూడదు.

ఆదివారం ఫోన్ చేశాను. "నాన్నా, ఆ 3 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే వేయండి" అన్నాను. "నీకు షేర్లు తెలుసన్నావుగా?" అన్నారు. అప్పుడు లాప్‌టాప్ డబ్బుల సంగతి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే, రేపు బ్యాంకుకి వెళ్తాను" అని, కొంచెం ఆగి, "అమ్మమ్మకి చెప్పావా?" అని అడిగారు.

ఇంకా లేదు. ఇది టైప్ చేస్తున్నది మా రూమ్మేట్ లాప్‌టాప్ మీద.