నిలిచిపోయిన గాలిని కొలుచుట

మనము పీల్చిన గాలినంతటిని తిరిగి విడువజాలము. ఆరోగ్యవంతుడైన పెద్దవాని ఊపిరితిత్తులలో, నిండుగా పీల్చినపుడు, సుమారు 6 లీటర్ల గాలి పట్టును. ఎంత గట్టిగా విడిచినను ఒక లీటరుకు పైగా లోపలనే మిగిలియుండును. ఇది సహజము. కాని సన్నని శ్వాసనాళములు వాచి ముడుచుకొన్నచో, వెలికి రావలసిన గాలియు లోపలనే చిక్కుకొనును. ఉబ్బసము గలవారును, పొగవలన కలుగు దీర్ఘకాల శ్వాసరోగము గలవారును గాలి చాలుటలేదని బాధపడుదురు. పాతగాలి వెడలనందున క్రొత్తగాలికి చోటు చాలకపోవుటయు దీనికొక కారణము.

ఈ గాలిని కొలుచుటెట్లు? 1846లో ఇంగ్లండునందు జాన్ హచిన్సన్ అను వైద్యుడు, మనిషి ఊదిన గాలిని కొలుచు స్పైరోమీటరును గూర్చి ప్రకటించెను. నేటికిని వైద్యులు సాధారణముగా ముందు చేయించు పరీక్ష ఇదియే. అయితే పూర్తిగా ఊదిన పిమ్మట లోపల మిగిలిన గాలిని అది చూపజాలదు. రెండు తిత్తులకును కలిపి లెక్క చెప్పునే గాని, చెడిన చోటెక్కడనో చెప్పదు. 2 మిల్లీమీటర్లకంటె సన్నని నాళములు వేలకొలది యుండుటచే, వానిలో కొన్ని మూసికొనినను మొదట ఈ పరీక్షయందు తేడా కానరాకపోవచ్చును.

ఇచ్చట సీటీ స్కాన్ తోడ్పడును. దీనిని నిర్మించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1979లో అలెన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమానమందెను. ఈ యంత్రము ఎక్స్‌కిరణములను దేహము చుట్టును పంపి, లోపలి ప్రతి చిన్న భాగముయొక్క సాంద్రతకును ఒక అంకె నిచ్చును. ఈ కొలతలో నీటికి 0, గాలికి -1000. ఊపిరితిత్తిలో ఒక భాగమునకు -850 వచ్చినచో, అందు నూటికి ఇంచుమించు 85 పాళ్లు గాలియనియు, తక్కినది కణజాలము, రక్తము అనియు గ్రహింపవలెను.

రోగికి రెండు చిత్రములు తీయుదురు. నిండుగా పీల్చి బిగబట్టినపుడొకటి, పూర్తిగా విడిచి బిగబట్టినపుడొకటి. మంచి భాగమునుండి గాలి వెడలిపోవును గనుక, రెండవ చిత్రములో అది తెలుపు తిరుగును. గాలి చిక్కిన భాగము నల్లగానే యుండును. పెద్దలలో, విడిచిన పిమ్మటను -856కంటె తక్కువ అంకె నిలిచిన భాగములను గాలి చిక్కినవిగా సాధారణముగా లెక్కింతురు. (ఋణసంఖ్యలలో -900 అనునది -856కంటె చిన్నదని మరువరాదు.) నిండుగా పీల్చిన చిత్రములో -950కంటె తక్కువైనచో, అచ్చటి వాయుకోశముల గోడలే శిథిలమైనవని భావింతురు. 2012లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రెండు చిత్రములను ఒకదానిపైనొకటి అమర్చి, నాళముల దోషమును గోడల దోషమునుండి వేరుపరచు పద్ధతిని ప్రకటించిరి.

ఈ పరీక్ష యంత్రముతోబాటు మాటపైనను ఆధారపడును. చెప్పినది తెలియక రోగి సగము గాలియే విడిచినచో, మంచి తిత్తులును చెడినట్లు కనబడవచ్చును. మన వంటి ప్రాంతములలో, ఇంట తెలుగు మాత్రమే ఎరిగిన అవ్వ ఆసుపత్రిలో మరియొక భాష వినవలసి వచ్చును. విద్యార్థులారా, అట్టి పెద్దలతో వెళ్లునపుడు “ఊపిరి నిండా పీల్చి బిగబట్టండి”, “గాలంతా వదిలి బిగబట్టండి” అను రెండు మాటలను వారికి ముందుగానే తెలిపి, ఇంటివద్ద అలవాటు చేయింపుడు. తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. బిడ్డలకు తెలుగుతోబాటు ఇచ్చటి భాషయు చక్కగా రానిండు. అది ఒకనాడు మీ వైద్యమునకే ఉపకరించును. ఎక్స్‌కిరణములు అవసరమునకు మించి తగులరాదు గనుక, ముఖ్యముగా పిల్లలకును గర్భిణులకును, వైద్యుడు తప్పదన్నపుడే ఈ పరీక్ష చేయింపవలెను.

అభ్యాసము: ఒక పెద్దవాని తిత్తిలో మొదటి భాగమునకు పీల్చినపుడు -870, విడిచినపుడు -700 వచ్చినది. రెండవ భాగమునకు -880, -865 వచ్చినది. గాలి ఎచ్చట చిక్కినది? ఏల?