మెదక్ చర్చి అద్దాల్లో ఏముంది?

ప్రశ్న: మెదక్ చర్చి చూసొచ్చాం. క్రైస్తవులు అసలు నమ్మేదేమిటి?
– ఒక పాఠకురాలు, తూప్రాన్

జవాబు: అక్కడి రంగుటద్దాల కిటికీలు చూశారా? ఒకదానిలో పశువుల తొట్టిలో శిశువు యేసు: దేవుడే మనిషిగా పుట్టాడని. మరోదానిలో సిలువ: మన పాపాల కోసం ప్రాణం పెట్టాడని. ఇంకోదానిలో ఆరోహణం: పరలోకానికి వెళ్లాడు, మళ్లీ వస్తాడని. వీటన్నిటికీ ఆయువుపట్టు పునరుత్థానం, అంటే యేసు క్రీస్తు చనిపోయి తిరిగి లేవడం. క్రీస్తు లేవకపోతే విశ్వాసమే వ్యర్థమని అపొస్తలుడు పౌలు తెగేసి రాశాడు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు దేవుళ్లు కారు, దేవుడొక్కడే. కుమారుడు, అంటే క్రీస్తు, తండ్రితో సమానుడని క్రీ.శ. 325లో నికైయాలో జరిగిన క్రైస్తవ పెద్దల సభ తేల్చింది. ముగ్గురూ ఒక్క దేవుడే అన్నది లెక్కకు అందదు, అందాలని పట్టుబట్టడం నా దృష్టిలో అనవసరం. రక్షణ, అంటే పాపం నుంచి విముక్తి, దేవుని కృప. మంచి పనులు దాని ఫలం.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)ది. ఆదివారం ఆరాధనకు వెళ్లి, తాము నమ్మేది అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం వినండి. ఇందులో చాలావరకు అందులోనే ఉంది.